సతి, సోయి, ఎరుక

ప్రశ్న: మా బడిలో పిల్లల టెన్షన్ తగ్గాలని రోజూ పది నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఏం జరుగుతోందో గమనించే సాధన, చేయిస్తున్నాం. బోర్డు మీద దాన్ని తెలుగులో ఏమని రాయాలో తేలడం లేదు. ఒకరు 'బుద్ధిపూర్వకత' అన్నారు, ఒకరు 'స్పృహ' అన్నారు. ఇంకొకరు ఇది బౌద్ధుల నుంచి వచ్చింది కాబట్టి 'సతి' అనాలన్నారు. ఆ మాట వినగానే పిల్లలు నవ్వారు. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

జవాబు: పిల్లలు నవ్వడం సహజమే, మనకు సతి అంటే భార్య. తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలోని ఈ సతి వేరు. సంస్కృతంలో 'స్మృతి' అనేదే అక్కడ సతి అయింది. బుద్ధుడు చెప్పిన ఎనిమిది అంగాల దారి, అష్టాంగ మార్గంలో ఏడోదైన 'సమ్మా సతి' అంటే సమ్యక్ స్మృతి. పాళీ పండితుడు రీస్ డేవిడ్స్ 1881లో దీన్ని ఇంగ్లిషులో మైండ్‌ఫుల్‌నెస్ అన్నాడు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో రోగులకు ఈ సాధన నేర్పడం మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి అది ఆఫీసులకూ బడులకూ పాకింది.

'బుద్ధిపూర్వకం' అంటే తెలుగులో కావాలని చేసింది. 'బుద్ధిపూర్వకంగా చేసిన తప్పు' అంటాం కదా, కాబట్టి అది కుదరదు. 'స్పృహ' మీద నాకు పెద్ద అభ్యంతరమే ఉంది. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక, నిస్పృహుడంటే కోరిక లేనివాడు. తెలుగులో అర్థం మారిందనుకోండి, అయినా కోరికే దుఃఖానికి మూలమన్న బుద్ధుడి సాధనకు ఆ పేరు పెట్టడం నాకు మనసొప్పదు.

సతికి బుద్ధుడు ఇచ్చిన అర్థం తెలియాలంటే మన గోదావరి ఒడ్డుకే రావాలి. సుత్తనిపాతం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు గోదావరి తీరాన ఉంటాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని మన దగ్గర చాలామంది చెబుతారు. ఆయన తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లలో అజితుడు ఇలా అడిగాడు: ప్రవాహాలు అన్ని వైపులా పారుతున్నాయి, వాటికి అడ్డుకట్ట ఏది? 'సతి తేసం నివారణం' అన్నాడు బుద్ధుడు. అంటే సతే వాటికి అడ్డుకట్ట. ఇక్కడ ప్రవాహాలంటే మనసులో పొంగే కోరికల్లాంటివి. ఏటా గోదావరి పొంగును చూసే ఊళ్లవాళ్లకు ఈ పోలికను విడమరిచి చెప్పక్కర్లేదు.

బౌద్ధ గ్రంథాల్లో మరోచోట సతిని కోట ద్వారం దగ్గరి కావలివాడితో పోల్చారు. తెలివైన కావలివాడు తెలిసినవాళ్లను రానిస్తాడు, కొత్తవాళ్లను ఆపుతాడు. ఎవరు ఎవరో గుర్తుంటేనే ఆ పని చేయగలడు. సతిలో జ్ఞాపకం ఉందనడం అందుకే. వచ్చే ఆలోచనలను మంచీచెడూ ఎంచకుండా ఊరికే చూడమని ఇప్పటి తరగతుల్లో చెబుతారు. మొదట్లో మనసు కుదురుకోవడానికి అది పనికొస్తుంది, నేను కాదనను. కానీ కావలివాడి పని అంతటితో అయిపోదు. దేన్ని పెంచుకోవాలో, దేన్ని వదులుకోవాలో గుర్తుంచుకోవడం కూడా సతే. శీలాన్నీ (మంచి నడవడినీ) ప్రజ్ఞనూ (వివేకాన్నీ) పక్కనపెట్టి శ్వాస ఒక్కటే నేర్పితే ఈ సగం పోతుంది.

మన తెలంగాణ మాటల్లో ఈ రెండు సగాలూ ఉన్నాయి. 'యాదిల పెట్టుకో' అన్నప్పటి యాది జ్ఞాపకం. 'సోయిల ఉండి మాట్లాడు' అన్నప్పటి సోయి మెలకువ. రెండూ కలిసిన క్రియ కూడా ఒకటుంది, 'గుర్తెరగడం'. గుర్తు అందులోనే ఉంది, ఎరగడమూ అందులోనే ఉంది. 'గుర్తెరిగి నడుచుకో' అని మీ అమ్మమ్మ అనే ఉంటుంది.

బోర్డు మీద 'ఎరుక' అని రాయండి. 'నాకెర్కే' అని రోజుకు పదిసార్లు అనే పిల్లలకు అది కొత్త మాట కాదు. బుద్ధుడి బోధ గురించి రాసేటప్పుడు మాత్రం 'సమ్యక్ స్మృతి' అనండి, అక్కడ మనుస్మృతితో తికమక రాదు. వీలైతే ఒకరోజు బావరి కథ కూడా చెప్పండి. అజితుడి ప్రశ్న ఐదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది.