చెత్త సేకరణ ప్రైవేటుకు అప్పజెప్తే బండి రోజూ వస్తదా?

నల్గొండలో మీ కాలనీకి మున్సిపల్ బండి వారానికి మూడుసార్లే వస్తోంది, ప్రైవేటుకిస్తే బాగుపడుతుందా అని అడిగారు. బండి మీద మున్సిపాలిటీ పేరున్నా, డ్రైవరూ వెనక నిలబడే కార్మికుడూ చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ వాళ్లే. అంటే సగం ప్రైవేటు ఇప్పటికే నడుస్తోంది. నన్నడిగితే బండి ఎవరిదని కాదు, మున్సిపాలిటీ ఏ లెక్కన బిల్లు కడుతోందని చూడాలి.

ముందు లెక్క చూడండి. మన సైజు ఊళ్లలో తలకు రోజుకు 300 గ్రాముల చెత్త అనుకుంటే, నలుగురున్న ఇంటికి 1.2 కిలోలు. చిన్న ఆటో టిప్పర్‌లో 600 నుంచి 700 కిలోలు పడతాయి కాబట్టి 500 ఇళ్లకే నిండిపోతుంది. ఇంటికి 20 సెకన్లు వేసుకున్నా పావు తక్కువ మూడు గంటలు. ఆరింటికి మొదలైన బండి తొమ్మిదింటికి నిండి, డంపింగ్ యార్డుకు పోయి వచ్చేసరికి పది. రెండో ట్రిప్‌లో ఉన్న ఇళ్లకు అప్పటికి తాళాలు పడతాయి. డీజిల్ తక్కువైనా, టైరు పంక్చరైనా ఎగిరిపోయేది ఆ రెండో ట్రిప్పే. మీ కాలనీ అందులో ఉన్నట్టుంది. కాంట్రాక్టరు వచ్చినా ఈ లెక్క మారదు. బండ్లు పెరగాలి, లేదా ట్రిప్పుల వరస రోజు విడిచి రోజు తిరగేయాలి.

ఇక బిల్లు సంగతి. టన్నుకు ఇంత అని కడితే గల్లీల్లో చెత్త మిగిలిపోయి, మోరీల పూడిక, ఇల్లు కూలగొట్టిన మట్టి తూకానికి ఎక్కుతాయి. బండిని పూర్తిగా దులపకుండా అడుగున కొంత ఉంచి మళ్లీ తూకం వేయించడమూ మామూలే. అందుకే ఖాళీ బండి తూకం ప్రతి ట్రిప్పుకూ తీయాలి. బండికి రోజు కిరాయి లెక్కన ఇస్తే హాజరు పడ్డాక చెట్టు కింద నీడకు ఆగుతుంది. ఇంటికి ఇంత అని, గేటు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇచ్చే పద్ధతే వీటిలో నయం. అందులోనూ కోడ్‌లను ఫోన్‌లో ఫొటో తీసుకుని ఒకేచోట కూర్చుని స్కాన్ చేసేయొచ్చు. స్కాన్ సమయాలు చూస్తే పట్టుబడతారు: పది ఇళ్లు ఒకే నిమిషంలో అయ్యాయంటే అనుమానించాల్సిందే.

హైదరాబాద్‌లో 2015లో తెచ్చిన స్వచ్ఛ ఆటోల దారి వేరు. అక్కడ డ్రైవరే బండి యజమాని, నెలనెలా ఇంటింటికీ వసూలు చేసుకుంటాడు, అట్టలు, సీసాలు అమ్ముకుంటాడు. అపార్టుమెంట్లకు ఇది బాగా కుదురుతుంది. పైసలివ్వని బస్తీలో మాత్రం బండి ఆగదు, ఆ చెత్త మూలమలుపులో కుప్పవుతుంది, కుప్ప ఎత్తే ఖర్చు తిరిగి మున్సిపాలిటీ మీదే పడుతుంది. వసూలు చేసేవాడూ సేకరించేవాడూ ఒక్కడే కాకుండా చూడాలి.

ప్రైవేటుకే ఇస్తున్నారంటే టెండరు షరతుల్లో ఇవి ఉన్నాయో లేదో మీ వార్డు సభ్యుణ్ణి అడగండి: ఇల్లు వదిలేస్తే ఇంటికింత కోత, చెడిపోయిన బండికి అదేరోజు మారు బండి, కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ చలానా జతచేస్తేనే నెల బిల్లు. చివరిది లేకపోతే జీతాలు ఆగుతాయి, సమ్మె వస్తుంది, వారం చెత్త మీ గేటు ముందే.

బండి వచ్చినప్పుడు లోపలికి ఒకసారి తొంగి చూడండి. తడి, పొడి వేరు చేసే ఇనుప రేకు మధ్యలో ఉందా? తుప్పు పట్టిందనో, దులపడానికి అడ్డమనో చాలావాటికి పీకేస్తారు. రేకు లేకపోతే మీరు రెండు డబ్బాల్లో వేరుచేసి ఇచ్చినా లోపల ఒకటే. మామిడి, పుచ్చకాయల కాలంలో ఆ తడికి అట్టలు నానిపోయి తుక్కు కొనేవాళ్లు కూడా ముట్టరు.

ముందు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ రూట్ బండి లాగ్‌బుక్, నెల రోజుల తూకం చీటీల నకళ్లు తీసుకోండి, గడువు 30 రోజులు. రోజుకు రెండు ట్రిప్పులని రాసి తూకం చీటీ ఒక్కటే ఉంటే, మీ బండి ఎక్కడ ఆగుతోందో అర్థమైపోతుంది.