ఫ్రిస్కోలో ఓటు: మీ పేరు జాబితాలో లేదన్నది ఎందుకంటే

రవి గారూ, మేలో సిటీ ఎన్నికకు పక్కవీధి స్నేహితుడితో వెళ్తే ఆయనకు ఓటు ఉంది, మీ పేరు లేదన్నారని రాశారు. టెన్షన్ పడకండి, మీ రిజిస్ట్రేషన్ పోయి ఉండకపోవచ్చు. టెక్సస్‌లోని ఫ్రిస్కో ఊరు ఒకటే అయినా కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పరుచుకుని ఉంది. ఓటర్ల జాబితా కౌంటీది, సిటీది కాదు. మీ ఇల్లు డెంటన్ వైపు ఉంటే కాలిన్ కేంద్రంలో మీ పేరు దొరకదు. ఆస్తిపన్నులో కౌంటీ పన్ను ఏ కౌంటీకి కడుతున్నారో చూడండి, తేలిపోతుంది.

తర్వాత రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైట్‌లో మీ వివరాలు సరిచూసుకోండి. అక్కడ పేరు లేకపోతే కొత్తగా దరఖాస్తు చేయాలి. ఎన్నికకు 30 రోజుల ముందే అది అందాలి, లేదా అప్పటికే దాని మీద పోస్టు ముద్ర పడి ఉండాలి. ఈ రాష్ట్రంలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే వీలు మామూలుగా లేదు, ఫారం ప్రింట్ తీసి సంతకం పెట్టి పంపాల్సిందే (ఇంత టెక్నాలజీ ఉన్న చోట ఇదేం చోద్యమో!).

కౌంటీ కమిషనర్ పేర్లు బ్యాలెట్‌లో ఎందుకు లేవన్నారు కదా, అవి సరిసంఖ్య సంవత్సరాల నవంబరులో పార్టీ గుర్తింపుతో వస్తాయి. మే బ్యాలెట్‌లో మేయర్, కౌన్సిల్ అభ్యర్థుల పక్కన పార్టీ పేరు ఉండదు. అందుకే శాంపిల్ బ్యాలెట్ (నమూనా ఓటు పత్రం) ముందే చదివి, కాగితం మీద రాసుకుని వెళ్లండి, లోపల ఫోన్ వాడనివ్వరు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక ఉంటుంది, దానికీ వెళ్లండి.