25 లక్షల అప్పుతో న్యూట్రిషన్ పీజీకి బ్రిటన్ వెళ్లాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 22 ఏళ్లు. బీఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఈ ఏడాదే పూర్తయింది. డైటీషియన్ కావాలని ఉంది. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ హ్యూమన్ న్యూట్రిషన్ చేయమని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఇంటి మీద 25 లక్షల అప్పు తీసుకోవాలి. నాన్నకు 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, మూడేళ్లలో రిటైరవుతారు. వెళ్లమంటారా?

జవాబు: ఈ కోర్సుకైతే వద్దు. అప్పు సంగతి తర్వాత, ముందు డిగ్రీ సంగతే తేలాలి. బ్రిటన్‌లో డైటీషియన్ అనిపించుకోవాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరుండాలి. అందుకు ఆసుపత్రి శిక్షణతో కూడిన, హెచ్‌సీపీసీ ఆమోదించిన డైటెటిక్స్ కోర్సు కావాలి. పీజీలో అది సాధారణంగా రెండేళ్లు. ఏడాది హ్యూమన్ న్యూట్రిషన్ చేస్తే ఆ రిజిస్టర్‌లోకి దారి లేదు. కోర్సుకు అక్కడి న్యూట్రిషనిస్టుల సంస్థ అసోసియేషన్ ఫర్ న్యూట్రిషన్ గుర్తింపు ఉంటే న్యూట్రిషనిస్టుగా నమోదు కావచ్చు, అంతే. ప్రజారోగ్య పథకాలు, ఫుడ్ కంపెనీలు, పరిశోధన వైపు వెళ్లేవారికి అది మంచి చదువే. మీరు అడిగింది అది కాదు కదా!

ఇక ఖర్చు. లండన్ బయట చదివినా నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల జీవన వ్యయం, అంటే 10,539 పౌండ్లు, ఫీజు కాకుండా విడిగా వీసా కోసం చూపాలి. సొంత డబ్బయితే అది వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. పౌండు 115 రూపాయలనుకుంటే 12 లక్షలు దాటింది. ఏడాది కోర్సే అయినా వీసా అంతకన్నా ఎక్కువ కాలానికి ఇస్తారు కాబట్టి అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి ఏడాదిన్నరకు, 1,164 పౌండ్లు పడుతుంది. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆలోగా వర్క్ వీసాకు స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలి. కొత్తవారికిచ్చే తగ్గింపు పోను కూడా ఏడాదికి 33,400 పౌండ్ల జీతం చూపాలి.

25 లక్షలకు పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు వేసి చూశాను. చదివే ఏడాది, ఆ పైన ఇచ్చే మరో ఏడాది వెసులుబాటు కలిపి వడ్డీయే 5.25 లక్షలు. అది అసలులో కలిశాక ఈఎంఐ దాదాపు 40,800. ఇక్కడికి తిరిగొచ్చి ఆసుపత్రిలో చేరితే మొదటి జీతం మొత్తం ఇచ్చినా అది తీరదు. ఈఎంఐలు మొదలైన ఏడాదికల్లా నాన్న రిటైరవుతారు, తాకట్టులో ఇల్లుంటుంది.

ఇక్కడి దారి ఇదీ. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్, ఆపై ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, తర్వాత ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష. ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల సీట్లకు ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలకు విడిగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చేద్దామనుకుంటే కుదరదు. న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సులను ఆ పద్ధతిలో నడపొద్దని 2025లో యూజీసీ చెప్పేసింది.

రేపు మంచి జీతం తెచ్చిపెట్టేది ఆ ఆరు నెలల ఇంటర్న్‌షిప్పే. 60 కిలోల రోగికి రైల్స్ ట్యూబ్ (ముక్కు ద్వారా కడుపులోకి ఆహారం పంపే గొట్టం) వేశారనుకోండి. కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీల చొప్పున రోజుకు 1,500 నుంచి 1,800 కావాలి. మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉన్న ఫీడ్ అయితే రెండు గంటలకోసారి 200 మి.లీ. చొప్పున ఎనిమిదిసార్లు, 1,600. ప్రొటీన్ కిలోకు 1.2 గ్రాములనుకుంటే 72 గ్రాములు. అంతలో పొటాషియం పెరిగిందని రిపోర్టు వస్తే, బంధువులు తెచ్చిన కొబ్బరినీళ్లు ఆపించి లెక్కంతా మళ్లీ వేయాలి. ఇది వార్డులో తిరిగితే తప్ప రాదు. అందుకే ఇంటర్న్‌షిప్ ఎంచుకునేటప్పుడు ఐసీయూ, కిడ్నీ వార్డుల్లో ఎన్ని వారాలు వేస్తారో అడగండి. వంటగదిలో ట్రేలు సర్దించి సర్టిఫికెట్ ఇచ్చే చోట్లూ ఉన్నాయి. స్టైపెండ్ వస్తుందని లెక్కలో వేసుకోవద్దు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కట్టాలి.

బడ్జెట్: హాస్టల్, తిండికి నెలకు 9 వేలు, 30 నెలలకు 2.7 లక్షలు. ఫీజులు, పరీక్షలు, పుస్తకాలు, ఇంటర్న్‌షిప్ అన్నిటికీ 1.3 లక్షలు. మొత్తం 4 లక్షలు. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు హామీ ఆస్తి గానీ, మన వాటా సొమ్ము గానీ అడగరు. ఒకేసారి తీసుకోకుండా సెమిస్టర్ వారీగా విడుదల చేయించుకోండి. చదివేటప్పుడే వడ్డీ కట్టండి. పది శాతం వడ్డీ అయితే మొత్తం తీసుకున్నాక కూడా నెలకు 3,333 రూపాయలే. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ చాలావరకు దీనికి సరిపోతుంది, ఎఫ్‌డీ మాత్రం విరగ్గొట్టొద్దు. అలా చేస్తే ఏడేళ్ల గడువుకు ఈఎంఐ 6,640. మొదటి జీతం 20 వేలే అనుకుని లెక్క వేసుకోండి, ఎక్కువొస్తే మంచిదే.

విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఊరిస్తే పట్టించుకోకండి. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. అసలు ఆ జీతానికి పన్నే పడదు.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులకు డిగ్రీ స్థాయి అర్హత చాలు కాబట్టి నోటిఫికేషన్ పడితే పీజీ కోసం ఆగకుండా రాయండి. పరిశోధన మీద మనసు మళ్లితే, పీజీ రెండో ఏడాదిలోనే హోమ్‌ సైన్స్ సబ్జెక్టుతో యూజీసీ నెట్ రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, పైగా ఇంటద్దె భత్యం. ఆ నెలల్లో మామూలు ఈఎంఐకి రెట్టింపు కడితే, అదనంగా కట్టిందంతా అసలులో తగ్గుతుంది. ముందే తీర్చేస్తే జరిమానా ఉందో లేదో మాత్రం అప్పు మంజూరు పత్రంలో ఇప్పుడే చూసుకోండి.