టర్బో వెనుక పెడితే పికప్ ఆలస్యమవుతుందా?

ప్రశ్న: నా దగ్గర 2002 నాటి షెవర్లే కమారో జడ్28 ఉంది. దానికి టర్బో, అంటే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని కుదించి నెట్టే పరికరం, బిగించాలని కోరిక. బానెట్ కింద చోటు లేదు కాబట్టి వెనుక సైలెన్సర్ ఉండే చోట పెట్టుకోమని మిత్రులు అంటున్నారు. గాలి అంత దూరం నుంచి ముందుకు వచ్చేసరికి పికప్ ఆలస్యం కాదా? ఇంజన్ తట్టుకుంటుందా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: గాలి దూరం గురించి అందరూ అడుగుతారు. నన్నడిగితే భయపడవలసింది ఆయిల్ గురించి. ముందు మీ అనుమానం తీరుస్తాను.

రెండున్నర అంగుళాల గొట్టం 12 అడుగులు ఉందనుకోండి. అందులో పట్టే గాలి 12 లీటర్ల లోపే. మీ 5.7 లీటర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 140 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. ఇక ఆ గొట్టం నిండడం ఎంతసేపు? అసలు ఆలస్యం పొగ వైపు ఉంది. ఇంజన్ దగ్గర నిప్పులా బయలుదేరిన పొగ వెనుకకు చేరేసరికి చల్లబడి, కుంచించుకుపోయి, ఊపు తగ్గుతుంది. అందుకే ముందు పెట్టే టర్బో కంటే వెనుక పెట్టేదానికి టర్బైన్ (పొగ తిప్పే చక్రం) గూడు చిన్నది ఎంచుకోవాలి. యూటాలోని స్క్వైర్స్ టర్బో సిస్టమ్స్ మీ కారు తరం వాటికి ఇలాంటి కిట్లు చేసి పేరు తెచ్చుకుంది. చవకగా దొరికిందని ఏదో పాత టర్బో తగిలిస్తే మాత్రం మీరు భయపడ్డ ఆలస్యం నిజంగానే వస్తుంది. పొడవాటి గొట్టంతో ఒక లాభమూ ఉంది. కుదించిన గాలి దారిలోనే కొంత చల్లబడుతుంది.

ఇప్పుడు ఆయిల్ సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ టర్బోలు విప్పాను. వాటిలో టర్బో పైన, ఆయిల్ నిలిచే చాంబర్ కింద. పని అయిన ఆయిల్ దానంతట అదే జారిపోతుంది. మీ కారులో టర్బో చాంబర్ కంటే కిందికి, పైగా పది అడుగుల వెనుక ఉంటుంది. అక్కడి నుంచి ఆయిల్ తిరిగి రావాలంటే దాన్ని లాగే ప్రత్యేకమైన పంపు ఒకటి ఉండాలి. మా అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లినప్పుడు పక్కింటి కుర్రవాడి కారు ఇలాంటిదే చూశాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వెనుక నీలం పొగ. టర్బో పోయిందని కొత్తదానికి డబ్బు సిద్ధం చేసుకున్నాడు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి కిందికి దూరాను. ఇంజన్ నడుస్తున్నా పంపు మీద చేయి పెడితే కదలిక లేదు. చూస్తే ఫ్యూజ్ కాలిపోయింది. తిరిగి వెళ్లే దారి లేక ఆయిల్ టర్బో గూట్లో నిండి, సీళ్ల పక్కనుంచి పొగ గొట్టంలోకి కారుతోంది. పంపు ఆగితే వెలిగే ఎర్ర దీపం ఒకటి డాష్‌బోర్డులో పెట్టించాను. మీరు ఆ దీపం మొదటి రోజే పెట్టించండి.

ఇంజన్ విషయానికొస్తే, మీదాని కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందో ఆ లెక్క, 10.1. అది టర్బో కోసం తయారైనది కాదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారును 10.25 కంప్రెషన్‌తో, టర్బోతో అమ్మారు. నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ మండి ఇంజన్‌ను కొట్టడం) రాకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా చిమ్మే ఏర్పాటు ఉండేది. ఆ సీసా నింపడం యజమానులు మరిచిపోయేవారు. రెండేళ్లకే ఆ కారు తయారీ ఆగిపోయింది. మీరు చదరపు అంగుళానికి 5 పౌండ్ల ఒత్తిడి దగ్గర ఆగండి. అదే మామూలు గాలికి మూడో వంతు అదనం. పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, కంప్యూటర్ ట్యూనింగ్, 93 ఆక్టేన్ పెట్రోలు తప్పవు. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ తీసేయమని ఎవరైనా అంటే వినకండి, అక్కడి చట్టం ఒప్పుకోదు. మీ కారు వెనుక యాక్సిల్ అసలే బలహీనమని పేరు. బండి ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకండి.

ప్రశ్న: గుంటూరులో నా 1.2 లీటర్ల స్విఫ్ట్‌కు ఇదే పని చేయించవచ్చా?

జవాబు: వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు. టర్బో మీదే మనసుంటే నెక్సాన్ లాంటివి కంపెనీ బిగించిన 1.2 లీటర్ల టర్బోతోనే వస్తున్నాయి. ఇంకో మాట, వెనుక టర్బోకు గాలి ఫిల్టర్ కూడా వెనుకే, మోకాలి కంటే కింద ఉంటుంది. వాన పడిన సాయంత్రం మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు.