జైల్లో ఉన్న మా అక్క మనసు చెదిరిపోకుండా ఎలా ఉండగలదు? లోపల ఉండి వచ్చినదానిగా నా జవాబు

మీ అక్క చీటింగ్ కేసులో రిమాండ్‌కి వెళ్లి మూడు వారాలైంది, ములాఖత్‌లో, అంటే చూడ్డానికి వెళ్లినప్పుడు, ఏడుపు తప్ప మాట రావట్లేదు, తిండి సరిగ్గా తినట్లేదు, "నన్ను మర్చిపోండి" అంటోంది, నాలుగేళ్ల పాప మీ అమ్మగారి దగ్గర ఉందని రాశారు. లోపల ఆడవాళ్లు ఎలా నెట్టుకొస్తారు, బయట ఉన్న మేం ఏం చేయగలం అని అడిగారు.

నేను ఒక ఫైనాన్స్ ఆఫీసులో అకౌంట్స్ రాసేదాన్ని. యజమానులు డిపాజిట్ల డబ్బుతో పరారయ్యారు. రశీదుల మీద సంతకం నాది కాబట్టి నన్నూ నిందితుల్లో చేర్చారు. బెయిల్ వచ్చేదాకా కొన్ని నెలలు ఆడవాళ్ల జైల్లో ఉన్నాను, తర్వాత కేసులోంచి నా పేరు తీసేశారు. ఏ జైలన్నది రాయను. అక్కడ నాతో ఉన్నవాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

ముందు ఒక మాట నమ్మండి. మొదటి నెలే అన్నిటికన్నా గడ్డుది. మీ అక్క ఇప్పుడున్న తీరు చూసి ఇక ఇంతే అనుకోకండి. నేనూ మొదట్లో అలాగే ఉన్నాను, నా పక్కన పడుకున్నవాళ్లందరూ అలాగే ఉన్నారు. లోపలికి వెళ్లగానే చెవి దుద్దులు, మట్టెలు తీయించి రిజిస్టర్లో రాసుకుంటారు, ఒళ్లు తడిమి వెతుకుతారు. ఆ కాస్సేపట్లోనే మనిషికి తన మీద తనకున్న పట్టు జారిపోతుంది. సాయంత్రం ఆరు కాకముందే తలలు లెక్కపెట్టి బ్యారక్‌కి తాళం వేస్తారు. బయట ఇంకా వెలుతురు ఉంటుంది, పిట్టల అరుపులు వినపడుతుంటాయి, మనం మాత్రం తెల్లారేదాకా ఆ గదిలోనే. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. తాళం వేసిన చప్పుడు వినగానే నాకు గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు, చేతులు చల్లబడేవి. గుండెపోటు వస్తోందనుకున్నాను. జైలు డాక్టరమ్మ చూసి ఇది భయం వల్ల వచ్చేదే, ప్రాణానికేం కాదు, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది అని చెప్పాకే దాన్ని తట్టుకోగలిగాను. ఆ వేళకి ఊపిరి నెమ్మదిగా లోపలికి తీసి, అంతకన్నా నెమ్మదిగా వదలమని నేర్పింది. మీ అక్కకీ ఇలా అవుతుందేమో అడగండి. అవుతుంటే అదేమిటో ఆమెకి తెలియాలి. ఇంకోటి, నెలసరి ఆగిపోయినా ఒకోసారి దిగులు వల్లే కావచ్చు. మాలో చాలామందికి ఆగింది. అయినా డాక్టర్‌కి చెప్పమనండి, బిడియపడొద్దనండి.

మా బ్యారక్‌లో శిక్ష పడి చాలా ఏళ్లుగా ఉన్న ఒక పెద్దామె ఉండేది, అందరం పెద్దమ్మా అనేవాళ్లం. నేను పళ్లెం తోసేస్తుంటే చూసి, పక్కన కూర్చుని అంది: "తిండి మీద అలిగితే బతిమాలడానికి ఇక్కడ మీ అమ్మ లేదే. తిను. కోర్టులో నిలబడాల్సింది నువ్వే." ఆ రోజు నుంచి రుచి చూడకుండా తినడం మొదలుపెట్టాను. మీ అక్కకి ఆ మాట ఎవరైనా చెప్పాలి. మీరే చెప్పండి.

పెద్దమ్మ నేర్పిన ఇంకో సంగతి, రోజుని ముక్కలు చేసుకోవడం. పొద్దున తాళం తీయగానే నీళ్లు పట్టుకోవాలి, వరస పెరగకముందే స్నానం చేయాలి, తలకి నూనె రాసి బిగించి జడ వేసుకోవాలి (పేలు ఉన్నచోట అదో జాగ్రత్త), దుప్పటి మడత పెట్టాలి. తర్వాత ఏదో ఒక పని. రిమాండ్‌లో ఉన్నవాళ్ల చేత బలవంతంగా పని చేయించకూడదు, కానీ అడిగితే ఇస్తారు. కుట్టు, వంటశాలలో కూరలు తరగడం, లైబ్రరీ సర్దడం, ఏదైనా సరే. పని లేని మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. చేతులు ఆడుతుంటే బుర్ర ఒకే చోట గింగిరాలు కొట్టదు.

నాకు దొరికిన పని వేరు. మా బ్యారక్‌లో సగం మందికి చదవడం రాదు. గంజాయి మూట మోసిన కేసులో వచ్చిన ఒక ఏజెన్సీ అమ్మాయి ఉండేది. తెలుగు అంతంతమాత్రం. తన మీద ఏ సెక్షన్ పెట్టారో, వాయిదా ఎప్పుడో, లాయర్ ఉన్నాడో లేడో ఏమీ తెలియదు. రాత్రుళ్లు గోడకేసి తిరిగి కూర్చునేది, ఎవరు పలకరించినా పలికేది కాదు. లోపలికి వచ్చిన ఉచిత న్యాయసేవల లాయరుకి ఆమె తరఫున అర్జీ రాసిచ్చాను. కొన్నాళ్లకి లాయర్‌ని పెట్టారు, వాయిదా తేదీ తెలిసింది. బెయిల్ అప్పుడే రాలేదు, ఆ కేసుల్లో అంత తొందరగా రాదు. కానీ తేదీ తెలిసిన రోజు ఆ పిల్ల నా దగ్గరకొచ్చి కూర్చుని అన్నం తింది. లోపల మనిషిని తినేసేది ఆ తెలియకపోవడమే. గోడల్ని, చాలీచాలని తిండిని, నేల మీద పడకని ఒళ్లు ఎలాగో అలవాటు చేసుకుంటుంది. బిడ్డ ఎలా ఉంది, కేసు ఎక్కడిదాకా వచ్చింది, ఇంట్లోవాళ్లు నన్ను వదిలేశారా అన్న ప్రశ్నలకి జవాబు లేకపోతే మాత్రం ఎవరూ తట్టుకోలేరు. ఆ జవాబులు మోసుకెళ్లాల్సింది బయట ఉన్న మీరే.

అందుకని ములాఖత్ తప్పించకండి. మా దగ్గర మగవాళ్ల జైలు బయట భార్యలు, తల్లులు, చెల్లెళ్లు క్యూ కట్టేవాళ్లట. మా వైపు నెలలు గడిచినా ఎవరూ రానివాళ్లు ఎంతమందో! భర్త మొహం చూపించడు, పుట్టింటివాళ్లు పరువు అంటారు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,000 పైన, అందులో ఆడవాళ్లు 24,000 లోపు, అంటే నూటికి నలుగురు. సంఖ్య తక్కువ కావడం వల్ల ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఉన్న జైళ్లూ తక్కువే. చాలా జిల్లాల వాళ్లని ఎక్కడికో దూరం పంపుతారు, చూడ్డానికి రావాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు. మీకూ దూరమైతే రాలేని వారం ఉత్తరం వేయండి. ఉత్తరాలు చదివే పంపుతారు కాబట్టి కేసు సంగతులు అందులో రాయొద్దు, ఇంటి సంగతులు రాయండి. పాప ఏం తింది, ఏం అల్లరి చేసింది, పెరట్లో మల్లె పూసిందా. మా అమ్మ రాసిన ఉత్తరం మడతలు చిరిగిపోయేదాకా చదివాను.

ములాఖత్‌లో టైము చాలా తక్కువ. మా దగ్గర జాలీకి అటు ఇటు అందరూ ఒకేసారి అరుస్తూ మాట్లాడేవాళ్లం, ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. ఏడుపుతోనే అయిపోయేది. తర్వాత మా తమ్ముడు ఒక పద్ధతి పెట్టాడు: వచ్చీ రాగానే మా పిల్లాడి సంగతి, తర్వాత వాయిదా తేదీ, లాయర్ ఏమన్నాడు, చివర్లో నీకేం కావాలి. నేను కూడా ముందు రాత్రి పడుకుని అడగాల్సినవి వరసగా మనసులో అప్పజెప్పుకునేదాన్ని. ఏడుపు ఆగలేదు కానీ, మాటలయ్యాక ఏడ్చేవాళ్లం. మీరూ అలా చేసి చూడండి. ఒక్కటి మాత్రం వద్దు, "వచ్చే వారం బయటికి వచ్చేస్తావు" అని ఊరడింపుకి చెప్పకండి. ఆ వారం గడిచిపోయాక మనిషి రెండింతలు కుంగిపోతుంది. తెలిసినంతవరకే చెప్పండి.

క్యాంటీన్ ఖర్చులకి ఆమె పేరు మీద కొద్దికొద్దిగా డబ్బు కడుతూ ఉండండి. సబ్బు, నూనె, ప్యాడ్లు, బిస్కెట్లు సొంతంగా కొనుక్కోగలిగితే లోపల ఎవరికీ లొంగి ఉండక్కర్లేదు. అప్పులే గొడవలకి మూలం. ఒక షాంపూ ప్యాకెట్ దగ్గర మొదలై జుట్లు పట్టుకునేదాకా వెళ్లడం కళ్లారా చూశాను. కేసు వివరాలు లోపల ఎవరితోనూ పంచుకోవద్దని, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి. అలాగని ముడుచుకుని ఉండొద్దు. నమ్మదగిన మనిషి ఒక్కరు చాలు, పక్కన పడుకునేవాళ్లు అయితే మరీ మంచిది.

ఇప్పుడు పాప గురించి. ఆరేళ్లు నిండేవరకు బిడ్డ తల్లితో జైల్లో ఉండవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. ఆ బిడ్డని ఖైదీలా చూడకూడదని, తిండి, వైద్యం, చదువు, ఆట అన్నీ చూడాలని అందులో ఉంది. మా దగ్గర అలా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉండేవాళ్లు, బ్యారక్ అంతా వాళ్లని ఎత్తుకుని తిరిగేది. అయినా నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో చూసుకునే అమ్మమ్మ ఉన్నప్పుడు బిడ్డని లోపలికి పంపొద్దు. ఆ పిల్లల ఆటలు కూడా తాళం వేయడం, లెక్క పెట్టడమే. తీసుకెళ్లి చూపించడం మాత్రం మానకండి, జైలువాళ్లని అడిగి బిడ్డని దగ్గరకి తీసుకునే వీలు కల్పించమని అర్జీ పెట్టండి. పాప అడిగితే "అమ్మ ఒక చోట ఉండాల్సి వచ్చింది, నీ మీద కోపం కాదు, వస్తుంది" అని ఉన్నంతలో నిజమే చెప్పండి. మావాళ్లు మా అబ్బాయికి అమ్మ ఊరెళ్లిందన్నారు. వాడికి బడిలో ఎవరో పిల్లలు చెప్పారు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు.

"నన్ను మర్చిపోండి" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. ఈసారి సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందని భయపడొద్దు. అడిగినందుకు మనిషి తేలికపడుతుంది. అవునంటే ఆ రోజే, గేటు దాటకముందే, సూపరింటెండెంట్ పేరు మీద అర్జీ రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఆమెని ఒంటరిగా ఉంచొద్దని, మానసిక వైద్యుడికి చూపించమని రాయండి. లాయర్ చేత కోర్టులో కూడా పిటిషన్ వేయించవచ్చు. జైలు డాక్టర్ వల్ల కాకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డకో, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో పంపమని కోర్టు ఆదేశించగలదు. ఖైదీ అయినంత మాత్రాన వైద్యం హక్కు పోదు, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఖైదీల గురించి విడిగా ఒక సెక్షనే ఉంది. ఆమె ఇదివరకే నిద్రకో, దిగులుకో మాత్రలు వాడుతుంటే పాత చీటీలన్నీ జైలు డాక్టర్‌కి అందేలా చూడండి. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే చాలా ప్రమాదం.

కేసు విషయం క్లుప్తంగా చెప్తాను. లాయర్ ఫీజు భారమైతే, ఆడవాళ్లకీ కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్తోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పెద్ద కేసుల్లో కూడా ఆడవాళ్ల బెయిల్ విషయం ప్రత్యేకంగా చూడొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, 480వ సెక్షన్‌లో ఉంది, అది వాదనలో పెట్టమనండి. ఇంకో ముఖ్యమైనది: కేసుని బట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడగాలి, అదీ చార్జిషీటు పడకముందే అడగాలి. ఆ రోజు ఏ తేదీకి వస్తుందో ఇప్పుడే లెక్క కట్టి క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి, మీ అక్కకీ చెప్పండి.

జామీనుదారుల్ని కూడా ఇప్పటి నుంచే మాట్లాడి పెట్టుకోండి. నాకు బెయిల్ శుక్రవారం వచ్చింది, జామీను కాగితాల తనిఖీ తేలక మళ్లీ వారం మధ్యదాకా లోపలే ఉన్నాను. బెయిల్ వచ్చిందని తెలిసి కూడా తాళం చప్పుడు వినడం, ఆ రాత్రుళ్లు మొదటి రాత్రికన్నా కష్టంగా గడిచాయి. బెయిల్ వచ్చిన వారంలోగా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఆలస్యమైతే ఆ మాట ఎత్తండి.

మీ సంగతి కూడా. మీరూ సరిగ్గా నిద్రపోవట్లేదని మీ రాతలోనే తెలుస్తోంది. 14416కి, అదే మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ లైనుకి, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ అక్క బయటికి వచ్చాక ఆమెకీ ఆ నంబర్ అవసరపడుతుంది.

సెక్షన్లు, ఊరు ఇక్కడ రాయొద్దు. రిమాండ్ మొదలైన తేదీ, చార్జిషీటు పడిందో లేదో లాయర్‌ని అడిగి కనుక్కుని రాయండి. ఆ తర్వాత ఏ అర్జీ ఎవరికి ఎలా రాయాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.