కలం పేరు సంగతి తర్వాత, ముందు అమ్మతో మాట్లాడండి

ప్రశ్న: నా వయసు 36. చాలా ఏళ్లుగా రాస్తున్న నా మొదటి నవలను ఒక ప్రచురణ సంస్థ తీసుకుంది. హారర్ నవల. పగలు ప్రశాంతంగా కనిపించే ఒక చిన్న ఊరు, చీకటి పడ్డాక ఒక ఇంట్లోంచి కేకలు, ఊళ్లో అందరూ విననట్టే ఉంటారు. అది చిన్నప్పుడు మేమున్న ఊరే, ఆ ఇల్లు మాదే. నాన్న తాగొచ్చి కొట్టేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. అన్నయ్య రాతప్రతి చదివి, పోయిన మనిషి పరువు తీస్తావా, ఈ పుస్తకం వస్తే నాకు చెల్లెలు లేదనుకుంటాను అన్నాడు. కలం పేరు పెట్టుకుని, ఊరి పేరు మార్చేస్తే గొడవ ఉండదని మావారు అంటున్నారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఇంకా చదవలేదు. కలం పేరుతో వేసుకోమంటారా?

జవాబు: కలం పేరు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, తప్పేం లేదు. గోథిక్ నవలల్లో, అంటే పాత కోటలూ దెయ్యాలూ ఉండే పాతకాలపు హారర్ నవలల్లో, మొదటిదని చెప్పే 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను 1764లో ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్పోల్ తన పేరు దాచి, పాత ఇటాలియన్ రాతప్రతికి అనువాదమని చెప్పి వేశాడు. జనానికి నచ్చాక, మరుసటి ఏడాది రెండో ముద్రణలో నేనే రాశానని ఒప్పుకున్నాడు. ఊరి పేరు మార్చడం వల్ల మాత్రం మీవారు అనుకున్నంత రక్షణ ఉండదు. పరువు నష్టం మాట వచ్చినప్పుడు పేరు ఒక్కటే చూడరు, తెలిసినవాళ్లు ఆ మనిషిని గుర్తుపట్టగలరా అని చూస్తారు. బతికున్న ఇరుగుపొరుగు ఎవరైనా నవలలో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంటే, సంతకం పెట్టేముందు ఒప్పందం ఒక లాయరుకు చూపించండి. ఇక ఆ సంగతి వదిలేద్దాం, మీరు నాకు రాసింది దానికోసం కాదు.

మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించాం. అసలుది నాలుగు పేజీలు, అందులో మూడు మీ అన్నయ్య గురించే. అమ్మ గురించి ఒక్క వాక్యం, నా దగ్గరే ఉంటుంది, ఇంకా చదవలేదు అని. ఒకే ఇంట్లో ఉంటూ, రాతప్రతిని సొరుగులో పెట్టి తాళం వేసుకుంటున్నానని కూడా రాశారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. అన్నయ్య అలుగుతాడు, అరుస్తాడు, కొన్నాళ్లకు దిగివస్తాడో రాడో అది ఆయన ఇష్టం. ఆ ఇంట్లో పెరిగిన మీరు ఆ ఇంటి గురించి రాసుకోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. తాగి పిల్లల్ని కొట్టిన రోజే మీ నాన్న పరువు పోయింది, మీరు రాయడం వల్ల కొత్తగా పోయేదేమీ లేదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మీరు పంపిన అధ్యాయాలు, కథాసారం రెండూ చదివాను. మీ నవలలో నాన్న మూడో అధ్యాయానికే చచ్చిపోతాడు. ఆ తర్వాత కథ పొడవునా ఊరు వెంటాడేది తల్లిని, చివరికి బావిలోకి లాక్కునేదీ తల్లినే. కొట్టినవాడికి మూడు అధ్యాయాలు, ఆపనిదానికి మిగతా పుస్తకమంతా. ఊళ్లో పోస్ట్‌మ్యాన్‌తో సహా అందరికీ పేర్లు పెట్టారు, ఆవిడ మాత్రం మొదటి నుంచి చివరిదాకా 'ఆవిడే'. మీ కోపం ఎవరి మీదో రాసేటప్పుడు మీకు తెలిసిందో లేదో గానీ, చదివేవాళ్లకు తెలిసిపోతుంది, మీ అమ్మకైతే మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది.

రెండో అధ్యాయంలో ఒక చోట, కేకలు మొదలవగానే ఇంటింటా రేడియో సౌండ్ పెంచుతారు, సరిగ్గా అప్పుడే తల్లి పిల్లల గది గడియ చప్పుడు కాకుండా బయటి నుంచి పెడుతుంది. లోపల చీకట్లో కూర్చున్న పిల్ల ఆ గడియ జారడం వింటుంది. నవల మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది అదే. మీరు దాన్ని తల్లి చేసిన ద్రోహంగా రాశారు. కానీ గడియ బయటి నుంచి పెట్టిందంటే ఆవిడ బయటే ఉండిపోయింది కదా, ఆయనతో. తన పిరికితనం కొద్దీ పెట్టిందా, మీరు పరుగెత్తుకొచ్చి ఆ దెబ్బలకు అడ్డం పడకుండా పెట్టిందా అన్నది నాకు తెలియదు, మీకూ తెలియదు. ఆవిడకు తెలుసు, ఆవిడ మీ పక్క గదిలోనే ఉంది.

అచ్చుకు వెళ్లేలోపు చెప్పండి. అనుమతి అడగడానికి వెళ్లకండి, క్షమాపణ రాబట్టడానికీ వెళ్లకండి, ఆ రెండూ పెట్టుకుంటే మాట తిన్నగా సాగదు. ఆ ఇంటి గురించి నవల రాశానమ్మా, అందులో నువ్వున్నావు, నీకు నచ్చకపోవచ్చు, బయటివాళ్ల నోట వినకముందే నేనే చెబుతున్నాను అనండి చాలు. చదివి వినిపించమంటే ఆ గడియ పేజీ దాటేయకుండా వినిపించండి. ఆ రాత్రుల్లో ఆవిడా దెబ్బలు తింది, తన గురించి రాసింది కూతురు చెప్పగా వినే హక్కు ఆవిడకు ఉంది. ఇది కూతురిగా మీ బాధ్యతే అంటాను, పాతకాలం మాటలా అనిపించినా సరే.

నచ్చకపోవడానికి కూడా సిద్ధపడండి. అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ ఒక చిన్న ఊరి గురించి రాసిన 'ది లాటరీ' అనే భయానక కథ 1948లో 'ది న్యూయార్కర్' పత్రికలో వచ్చినప్పుడు ఆ వేసవిలోనే ఆవిడకు 300కు పైగా ఉత్తరాలు వచ్చాయి, చాలామటుకు తిట్లే. జాక్సన్ వాళ్లమ్మ కూడా, నాకూ నాన్నకూ నీ కథ బొత్తిగా నచ్చలేదని రాసింది. ఏళ్ల తర్వాత ఆ ఉత్తరాల గురించి ఉపన్యసించినప్పుడు ఆవిడ అమ్మ ఉత్తరం మాట కూడా చెప్పింది. మీ అమ్మ ఏడవొచ్చు, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు, అప్పట్లో నేనేం చేయగలిగేదాన్నని ఎదురు తిరగొచ్చు. ఆ చివరి మాటకు వెంటనే జవాబు చెప్పకండి, ఆవిడ పూర్తిగా చెప్పేదాకా వినండి.

ఆవిడ ఏడ్చిందని మాత్రం నవలలో అక్షరం మార్చకండి. ఆవిడ చెప్పింది విన్నాక, రచయితగా మీకే ముగింపు వేరేలా ఉండాలనిపిస్తే మార్చుకోండి, అనిపించకపోతే బావి బావిలాగే ఉండనివ్వండి. ఈ మాటలు అయ్యేదాకా అన్నయ్యకు ఏమీ చెప్పొద్దు, ఆయన మధ్యలో దూరితే మళ్లీ నాన్న పరువు దగ్గరికే వస్తుంది సంభాషణ. తర్వాత ఆయన ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటే, అమ్మకు అంతా చెప్పాను, ఏదైనా ఉంటే అమ్మతో మాట్లాడు అనండి.