పిచ్ పోటీకి వెళ్తున్న మీ ముగ్గురికీ

చిరంజీవులు ముగ్గురికీ ఆశీస్సులు.

వ్యాక్సిన్ల ఫ్రిజ్ వేడెక్కితే హెచ్చరించే మీ పరికరంతో పోటీకి ఎంపికయ్యారని తెలిసి చాలా సంతోషించాను. ఆరు వారాల శిక్షణ, ఆఖరి రోజున 3 నిమిషాల పిచ్ (అంటే జడ్జీల ముందు మీ వ్యాపార ఆలోచన చెప్పడం), ఆ తర్వాత 5 నిమిషాల ప్రశ్నలు అని రాశారు. ఆ రెండు అంకెలూ మరోసారి చూడండి. మీరు చెప్పే సమయం కన్నా వాళ్లు అడిగే సమయమే ఎక్కువ. అయినా చాలా జట్లు శ్రమంతా స్లైడ్ల మీదే ధారపోస్తాయి. మీరు మొదటి నాలుగు వారాలు స్లైడ్ల జోలికే పోకండి.

ఆ నాలుగు వారాలూ క్లినిక్‌లకు వెళ్లండి. కనీసం 25 చోట్ల, వ్యాక్సిన్ల ఫ్రిజ్ ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషితోనే మాట్లాడండి. ‘ఇలాంటి పరికరం ఉంటే కొంటారా?’ అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు, ఆ జవాబును నమ్మి లెక్కలు వేస్తే మునుగుతారు. జరిగిపోయినదాని గురించి అడగండి. కిందటిసారి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ సంగతి ఎవరు చూశారు? వేడెక్కిందని ఎలా తెలిసింది? ఎన్ని డోసులు పారేశారు? ఆ నష్టం ఎవరి లెక్కలో పడింది? ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉంటే చూపించమనండి. రోజూ ఒకే అంకె, ఒకే సిరాతో వరసగా కనిపిస్తే అది రోజూ చూసి రాసింది కాకపోవచ్చు. అలాంటి పేజీ, క్లినిక్ పేరు కనబడకుండా, వాళ్ల అనుమతితో తీసిన ఫొటో, మీ పిచ్‌లో పది స్లైడ్ల పెట్టు.

ఇంకో మాట కూడా అడగాలి: ఇలాంటి వస్తువుకు డబ్బు ఎవరు మంజూరు చేస్తారు? ఫ్రిజ్ చూసుకునే నర్సు ఒకరు, సంతకం పెట్టేవారు మరొకరు. ఈ తేడా తెలియని జట్టును జడ్జీలు రెండో ప్రశ్నకే పట్టేస్తారు.

జడ్జీల్లో ఆరోగ్యరంగం తెలిసినవారు ఒక్కరున్నా మీ పరికరాన్ని గట్టిగా పరీక్షిస్తారు. ఫ్రిజ్‌లో ఉంచే వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మీరు 8 దాటడం గురించే చెబుతున్నారు. కానీ అల్యూమినియం లవణాలు కలిపిన వ్యాక్సిన్లు గడ్డకడితే పాడవుతాయి, మళ్లీ కరిగించినా పనికిరావు. కాబట్టి హెచ్చరిక రెండు వైపులా ఉండాలి. సెన్సర్‌ను ఊరికే గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ హెచ్చరిక మోగుతుంది. నాలుగు రోజులకు విసిగి స్విచ్ ఆపేస్తారు. సెన్సర్ కొనను గ్లైకాల్ అనే ద్రవం నింపిన చిన్న సీసాలో ముంచి ఉంచితే, లోపలి వ్యాక్సిన్ సీసాల వేడిమికి దగ్గరగా చూపిస్తుంది. ఇక కరెంటు పోయినప్పుడు వైఫై కూడా పోతుంది కదా, అప్పుడు కబురు ఎలా వెళ్తుంది? బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో కొలిచి చెప్పండి, అంచనాగా చెప్పొద్దు.

లెక్కల దగ్గర ఇంకాస్త ఆగాలి. ప్రపంచ మార్కెట్ ఇన్ని వేల కోట్లు, అందులో 1 శాతం వచ్చినా చాలు అనే వాక్యం మీ నోట రాకూడదు. ఆ 1 శాతం ఎలా వస్తుందో అందులో లేదు. కింది నుంచి కట్టుకురండి. రెండేళ్లలో మీరు చేరగలిగే క్లినిక్‌లు 4,000 అనుకుందాం. పదింట ఒకటి కొంటే 400. ఒక్కోదాని ఏడాది చందా 6,000 అయితే మొత్తం 24 లక్షలు. అంకె చిన్నదే, కానీ ప్రతి మెట్టూ నిలబడుతుంది.

దాని వెంటే ఒక క్లినిక్‌ను చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు చెప్పాలి. అమ్మకాల మనిషి జీతం, ప్రయాణాలు కలిపి నెలకు 60,000 అయి, 10 క్లినిక్‌లు చేరితే ఒక్కోదానికి 6,000 ఖర్చు. చందాలో సిమ్, సర్వర్, మరమ్మతులకు ఏడాదికి 2,000 పోతే మిగిలేది 4,000. అంటే పెట్టింది తిరిగి రావడానికి 18 నెలలు, పరికరం తయారీ ఖర్చు కలపకుండానే. ‘ఆ 18 నెలలు ఎలా నెట్టుకొస్తారు?’ అన్నదే అసలు ప్రశ్న. మేమే తిరిగి అమ్ముతున్నాం కాబట్టి ఖర్చు సున్నా అని మాత్రం అనకండి. మీ సమయానికీ జీతం కట్టి లెక్కించండి.

శిక్షణలో ఎనిమిది మంది మెంటార్లు ఎనిమిది దారులు చూపిస్తారు. అన్నీ పాటిస్తే వారానికో కొత్త కంపెనీ అవుతారు. నోటుబుక్‌లో రెండు గళ్లు గీసి, వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో ఒక గడిలో, ఏం చేయమన్నారో రెండో గడిలో రాయండి. ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ లోపం ఉన్నట్టే. మందు మాత్రం మీరే వెతుక్కోవాలి.

ఐదో వారంలో స్లైడ్లు. పది చాలు, అక్షరాలు 30 పాయింట్లకు తగ్గకుండా. నిర్వాహకులిచ్చిన మార్కుల పట్టిక దగ్గర పెట్టుకుని, ఒక్కో అంశానికి మీ పిచ్‌లో ఏ వాక్యం జవాబిస్తుందో గుర్తుపెట్టండి. జవాబు లేని అంశం దగ్గర మార్కులు పోతాయి. మాట 2 నిమిషాల 40 సెకన్లలో ముగియాలి, వేదిక మీద తడబాటుకు ఆ 20 సెకన్లూ కావాలి. మాట్లాడేది ఒక్కరే. మైకు చేతులు మారితే సమయం పోతుంది.

డెమో ప్రత్యక్షంగా చేయాలనే ఆశ ఉంటుంది. హాల్లో సిగ్నల్‌ను నమ్మొద్దు. 40 సెకన్ల వీడియో తీసి ఫైల్లోనే అమర్చండి, ఇంటర్నెట్ లింకు పెట్టొద్దు. పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. ఫాంట్లు చెదిరినప్పుడు అదే కాపాడుతుంది.

ప్రశ్నలకు సిద్ధపడటానికి 40 ప్రశ్నల పట్టిక రాసి ముగ్గురూ పంచుకోండి: సాంకేతికం ఒకరికి, డబ్బు ఒకరికి, క్లినిక్‌లూ అనుమతులూ ఒకరికి. ముందు అవును, కాదు, లేదా అంకె. తర్వాతే కారణం. 30 సెకన్లు దాటొద్దు. ఒకరు చెప్పాక మరొకరు ‘ఇంకో మాట’ అంటూ అందుకోవద్దు, మీలో మీకే పొత్తు లేదనిపిస్తుంది. తెలియకపోతే ‘ఇంకా కొలవలేదు, ఫలానా విధంగా కొలుస్తాం’ అనండి. కట్టుకథ చెబితే తర్వాతి ప్రశ్నకే బయటపడుతుంది.

కాగితాల పని రెండు ముక్కల్లో చెబుతాను, కానీ వాయిదా వేయకండి. పేటెంటు ఆలోచన ఉంటే వేదిక ఎక్కే ముందే దరఖాస్తు చేయండి. చాలా దేశాల్లో బహిరంగంగా చెప్పేశాక కొత్తదనం పోయినట్టే లెక్క. జడ్జీలు గోప్యత ఒప్పందం మీద సంతకం పెడతారని ఆశపడొద్దు. మీ ముగ్గురి వాటాలు ఇప్పుడే రాసుకోండి. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ దక్కకుండా రాసుకోవడం ఎక్కువమంది పాటించే పద్ధతి. బహుమతి నియమాలు కూడా చదవండి: డబ్బు ఊరికే ఇస్తారా, బదులుగా వాటా అడుగుతారా, విడతలుగా ఇస్తారా అని.

40 ప్రశ్నల పట్టిక తయారవగానే నాకు పంపండి. ఒక సాయంత్రం ముగ్గురూ ఫోన్‌లోకి రండి. గడియారం పెట్టుకుని నేనే అడుగుతాను.

మీ మేలు కోరే
బాబాయ్